ఓవెన్ కాగిందని ఎట్లా తెలుస్తది? నల్లగొండ వంటింటి ప్రాజెక్టు డైరీ

డిసెంబరు, ఆఖరి వారం

మా ఆడపడుచు వాళ్లు హైదరాబాద్‌లో ఫ్లాట్ మారుతూ తమ కుకింగ్ రేంజ్‌ను మాకు పంపించారు. పైన నాలుగు బర్నర్లు, కింద గ్యాస్ ఓవెన్. డీసీఎంలో వచ్చిన దాన్ని దించి వంటింట్లో పెట్టేసరికి అందరి నడుములూ పట్టేశాయి. ఇంట్లో వాళ్లందరికీ అది పెద్ద స్టవ్వు, అంతే. నా కన్ను మాత్రం కింది అర మీదే ఉంది. ఇన్నాళ్లూ మా ఇంట్లో కేకు అంటే కుక్కర్‌కు గాస్కెట్, విజిల్ తీసేసి, అడుగున ఉప్పు పోసి చేసిందే. ఆ ఉప్పును కూడా పది నిమిషాలు ముందే కాచేవాళ్లం. ఎందుకు కాచాలని ఎవరూ అడగలేదు, అందరూ కాస్తారు కాబట్టి మేమూ కాచాం.

ఓవెన్ నాబ్ మీద 1 నుంచి 8 దాకా అంకెలు ఉన్నాయి, డిగ్రీలు లేవు. మాన్యువల్ ఎప్పుడో పోయింది. బ్రిటన్ వంటల పుస్తకాల్లో గ్యాస్ మార్క్ 4 అంటే 180 డిగ్రీలు, మార్క్ 6 అంటే 200. మన నాబ్ మీది 4 కూడా అదే 4 అనుకోవడానికి ఆధారం ఏమీ లేదు. అందుకే ఈ డైరీ. ఏ అంకెకు ఎంత వేడి వస్తుంది, ఎంతసేపటికి వస్తుంది, వచ్చిందని ఎట్లా నమ్మాలి అనేవి కొలిచి రాసుకుంటాను.

తెచ్చిన రోజే వెలిగించలేదు. వాళ్ల అపార్ట్‌మెంట్‌కు పైపు గ్యాసు ఉంది, మాకు సిలిండర్. పైపులో వచ్చేది చాలావరకు మీథేన్, సిలిండర్‌లో ఉండేది ప్రొపేన్, బ్యూటేన్ కలిపింది. ఒకే పరిమాణం గ్యాసు తీసుకుంటే సిలిండర్‌ది రెండున్నర రెట్లకు పైనే వేడి ఇస్తుంది. పైపు గ్యాసు కోసం చేసిన జెట్లు, అంటే గ్యాసు బయటికి వచ్చే సన్న రంధ్రాల బిళ్లలు, అట్లాగే ఉంచి సిలిండర్ తగిలిస్తే మంట అదుపులో ఉండదు. ప్రకాశం బజార్ వైపు స్టవ్వులు బాగుచేసే తమ్ముణ్ని పిలిచాను. అతను పాత జెట్టు ఒకటి విప్పి, కొత్తది పక్కన పెట్టి, కిటికీ వెలుతురుకు పట్టి చూపించాడు. రెండూ ఇత్తడివే, మర కూడా ఒకటే. పాతదాని రంధ్రంలోంచి వెలుతురు చుక్కలా కనిపించింది, కొత్తదాంట్లో ఎంత వెతికినా కనిపించీ కనిపించనంత.

"ఇవి మార్చకుండ పెడితె గిన్నెలన్ని మసి పడతయి అక్కా. గ్యాసు సగం ఊరికెనే పోతది" అన్నాడు. పైన నాలుగు, ఓవెన్‌కు ఒకటి, గ్రిల్‌కు ఒకటి, అన్ని జెట్లూ మార్చాడు. తర్వాత ఓవెన్ బర్నర్ దగ్గర గాలి వెళ్లే మూతను కొంచెం కొంచెంగా జరుపుతూ మంటను చూశాడు. కొనలు పసుపుగా ఉంటే గాలి చాలట్లేదని, మంట బర్నర్‌ను వదిలి ఎగురుతుంటే గాలి ఎక్కువైందని చెప్పాడు. చివరికి నీలం మంట నిలకడగా కూర్చుంది. ఈ పని మాత్రం ఇంట్లో స్క్రూడ్రైవర్ ఉంది కదా అని ఎవరికి వాళ్లు చేసుకునేది కాదు.

నారింజ రంగు సురక్షా పైపు కొత్తది వేయించాం. దాని మీద తయారీ తేదీ ఉంటుంది, ఐదేళ్లకు మించి వాడకూడదు. పొడవు మీటరున్నర దాటకూడదు. ఓవెన్ వెనకాల వేడి గాలి బయటికి వచ్చే సందు ఉంది, పైపు అటు తగలకుండా పక్క నుంచి తిప్పాం. జాయింట్లన్నిటికీ సబ్బు నురగ రాసి బుడగలు వస్తున్నాయేమో చూశాడు. రాలేదు. గ్యాసు లీకైతే ఫోన్ చేసే 1906 నంబరును గోడ మీద రాసి పెట్టాను.

కొత్త సంవత్సరం, మొదటి ఆదివారం

ఈ రోజు వంట ఏమీ లేదు, ఖాళీ ఓవెన్‌ను కాల్చడమే పని. కొత్త ఓవెన్ అయినా, చాలా రోజులు మూలన పడి ఉన్నదైనా ముందు ఇట్లా ఉత్తగా కాల్చాలి. లోపలి రేకులకు అంటిన నూనె, జిడ్డు, ప్యాకింగ్ వాసన అన్నీ పోవాలి. కిటికీలు, పెరటి తలుపు తెరిచిపెట్టాం. నాబ్ 8 మీద అరగంట. మొదటి పది నిమిషాల్లో సన్నటి పొగ, కాలిన ప్లాస్టిక్ లాంటి వాసన వచ్చింది. తర్వాత తగ్గింది. అత్తమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, "గిదేం వంటనే బిడ్డా, ఇల్లంత కంపు లేస్తుంది" అని వాకిట్లోకి వెళ్లి కూర్చుంది.

వెలిగించే వరుస ఇక్కడ రాసి పెడుతున్నాను, ఎందుకంటే మా ఆయనా పాపా కూడా వాడతారు. ముందు ఓవెన్ తలుపు పూర్తిగా తెరవాలి. తర్వాతే నాబ్ నొక్కి తిప్పి స్పార్క్ కొట్టాలి. అంటుకున్నాక కూడా నాబ్‌ను పది సెకన్ల పాటు నొక్కే ఉంచాలి. మంట పక్కన చిన్న కడ్డీ ఉంటుంది, దాన్ని థర్మోకపుల్ అంటారు. అది వేడెక్కితేనే గ్యాసు వాల్వు తెరిచి ఉంటుంది, మంట ఆరిపోతే తనే గ్యాసు ఆపేస్తుంది. తొందరపడి నాబ్ వదిలేస్తే మంట ఠక్కున ఆరిపోయేది అందుకే, ఓవెన్ పాడైందని కాదు. ఒకవేళ అంటుకోకపోతే నాబ్ కట్టేసి, తలుపు తెరిచే ఉంచి, ఐదు నిమిషాలు ఆగాలి. సిలిండర్ గ్యాసు గాలికంటే బరువు. పైకి పోదు, ఓవెన్ అడుగునే కూర్చుంటుంది. తలుపు మూసి మళ్లీ మళ్లీ స్పార్క్ కొట్టడం కంటే ప్రమాదం ఇంకోటి లేదు.

ఇంకో సంగతి. అడుగు శుభ్రంగా ఉండాలని కొందరు ఓవెన్ కింది రేకు మీద అల్యూమినియం ఫాయిల్ పరుస్తారు. ఈ రేంజ్‌లో బర్నర్ ఆ రేకు కిందే ఉంది, వేడి రేకు అంచుల్లో ఉన్న సందుల్లోంచి పైకి వస్తుంది. ఫాయిల్ పరిస్తే ఆ సందులు మూసుకుపోతాయి. మా ఆడపడుచు పరిచిన పాత ఫాయిల్ ముక్కలు ఇంకా అంటుకుని ఉంటే గీకి తీశాను.

సంక్రాంతికి ముందు

ఓవెన్‌లో జాలీకి తగిలించే చిన్న థర్మామీటర్ తెప్పించాను. గుండ్రటి ముఖం, 50 నుంచి 300 దాకా అంకెలు. దాన్ని సరిగ్గా నడిమి జాలీ మీద, మధ్యలో పెట్టాలి. వెనక గోడకు ఆనించి పెడితే ఎక్కువ చూపిస్తుంది, తలుపు దగ్గర పెడితే తక్కువ.

నాబ్ 4 మీద పెట్టి, తలుపు అద్దంలోంచి చూస్తూ గడియారం పట్టుకుని కూర్చున్నాను. ఐదు నిమిషాలకు 110 దాటింది. పది నిమిషాలకు 165. పన్నెండో నిమిషంలో 180 తాకింది, ఆగలేదు, 200 దగ్గరికి పోయింది. అప్పుడు థర్మోస్టాట్ మంటను తగ్గించింది. మళ్లీ 175కు దిగింది, మళ్లీ 195. అట్లా ఊగుతూనే ఉంటుంది. ఊపుల మధ్యలో చూస్తే 185 అనుకోవచ్చు. అంటే ఈ నాబ్‌కు 4 అంటే ఇంచుమించు ఆ బ్రిటన్ 4కు దగ్గరే. 6 దగ్గర మాత్రం పొంతన లేదు, 200 రావాల్సింది 220 చూపిస్తోంది. 2 దగ్గర నిలకడగా 150. కింద నెమ్మది, పైన దూకుడు. నాబ్ పక్కన మాస్కింగ్ టేపు అంటించి డిగ్రీలు పెన్నుతో రాశాను.

మరి థర్మామీటర్‌నే నమ్మడం ఎట్లా? దానికి చక్కెర పరీక్ష ఉంది. చక్కెర సుమారు 186 డిగ్రీల దగ్గర కరుగుతుంది. చిన్న గిన్నెలో చెంచాడు చక్కెర వేసి ఓవెన్‌లో పావుగంట పెట్టాలి. థర్మామీటర్ 175 చూపిస్తున్నప్పుడు చక్కెర పొడిపొడిగానే ఉండాలి, 190 చూపిస్తున్నప్పుడు కరగాలి. నాది 175 దగ్గర అట్లాగే ఉంది, రంగు కూడా మారలేదు. మంట పెంచాక అంచుల నుంచి కరగడం మొదలై, తేనె రంగులోకి తిరిగింది. పది డిగ్రీలు అటూఇటూగా థర్మామీటర్ నిజమే చెబుతోందన్న మాట. కరిగిన చక్కెర గిన్నెకు అంటుకుంటే గీకొద్దు, వేడి నీళ్లు పోసి వదిలేస్తే అదే వస్తుంది.

థర్మామీటర్ లేని వాళ్లు పాతకాలంలో మైదా పిండి పద్ధతి వాడేవాళ్లు. పళ్లెంలో పలుచగా మైదా చల్లి ఐదు నిమిషాలు లోపల పెట్టడం. లేత గోధుమ రంగుకు వస్తే ఓవెన్ మెత్తగా కాగినట్టు, బంగారు రంగుకు వస్తే కేకుకు సరిపోయే వేడి, ముదురు రంగుకు వస్తే రొట్టెకు కావాల్సిన వేడి. నేనూ చేసి చూశాను, 185 దగ్గర చక్కగా బంగారు రంగు వచ్చింది.

సంక్రాంతి అయ్యాక

సకినాల నూనె వాసన పోయాక మళ్లీ మొదలుపెట్టాను. ఈ వారం పనిలోనే అసలు సరుకు ఉంది.

థర్మామీటర్ 180 చూపించగానే ఓవెన్ రెడీ అయినట్టేనా? ఒకే ముద్దలోంచి నానఖటాయీలు రెండు ట్రేలు చేశాను. మైదా, శనగపిండి, చక్కెర పొడి, నెయ్యి, కొంచెం యాలకుల పొడి. రెండో ట్రేను ఫ్రిజ్‌లో పెట్టాను, ముద్ద మెత్తబడకుండా. మొదటి ట్రేను ముల్లు 180 తాకిన క్షణానే లోపల పెట్టాను. తలుపు తీసి, ట్రే పెట్టి మూసేసరికి ముల్లు 125కు పడిపోయింది. మళ్లీ 180కి ఎక్కడానికి ఎనిమిది నిమిషాలు పట్టింది. ఆ ఎనిమిది నిమిషాల్లో నెయ్యి కరిగిపోయి బిళ్లలు పక్కలకు పారాయి. అడుగు మాత్రం మంట నిండుగా మండుతున్నందుకు గబగబా ఎర్రబడింది. బయటికి తీసేసరికి పైన తెల్లగా, కింద ముదురుగా, పలుచగా ఉన్నాయి. తినడానికి బాగానే ఉన్నాయి, చూడటానికే నానఖటాయీల్లా లేవు.

ఓవెన్ ఆపలేదు. ఖాళీగా ఇంకో ఇరవై నిమిషాలు అదే 4 మీద మండనిచ్చి రెండో ట్రే పెట్టాను. ఈసారి తలుపు తీసి మూస్తే ముల్లు 155 దగ్గరే ఆగింది. మూడు నిమిషాలలోపే 180కి వచ్చేసింది. బిళ్లలు గుండ్రంగా నిలబడ్డాయి, పైన సన్నటి పగుళ్లు పడ్డాయి, రంగు పైనా కిందా ఒక్కటే. పాప రెండు ట్రేలలోంచి ఒక్కోటి తీసి పక్కపక్కన పెట్టి, "ఇవి వేరే వేరే బిస్కెట్లా అమ్మా?" అని అడిగింది.

లెక్క చూస్తే తేలికగానే అర్థమవుతుంది. మా ఓవెన్ లోపల సుమారు అరవై లీటర్ల చోటు ఉంటుంది. అందులో పట్టే గాలి బరువు డెబ్బై గ్రాములు మించదు. థర్మామీటర్ కొలిచేది ఎక్కువగా ఆ గాలినే. గాలి త్వరగా వేడెక్కుతుంది, తలుపు తీయగానే అంతే త్వరగా బయటికి పోతుంది. గోడల రేకులు, జాలీలు, తలుపు అద్దం, వీటి బరువు కిలోల్లో ఉంటుంది. ఇవి నిండుగా కాగడానికి టైము పడుతుంది, కాగాక మాత్రం వేడిని పట్టుకుని ఉంటాయి. తలుపు మూసిన వెంటనే కొత్త గాలిని వేడి చేసేదీ, బిస్కెట్ పైభాగాన్ని కాల్చేదీ అవే. ప్రీహీట్ అంటే గాలిని కాదు, ఇనుమును కాచడం. ఓటీజీ అనే చిన్న కరెంటు ఓవెన్లు చాలావాటిల్లో లైటు ఆరగానే లోపల పెట్టేస్తారు. ఆ లైటు థర్మోస్టాట్ కొన తాకిన వేడిని బట్టే ఆరుతుంది, గోడల సంగతి దానికి తెలియదు.

కాబట్టి మా ఇంటి నియమం ఇది: ముల్లు తాకాక ఇంకో పావుగంట.

అత్తమ్మకు ఈ గోలంతా ఆశ్చర్యంగా ఉంది. దేవరకొండ వైపు ఊళ్లో పుట్టి పెరిగింది, కట్టెల పొయ్యి మీద జొన్న రొట్టెలు చేసిన చెయ్యి. పెంక కాలిందా లేదా అని నీళ్లు చిలకరించి చూస్తుంది. నీళ్లు సుయ్యిమని అక్కడికక్కడే ఇగిరిపోతే ఇంకా కాలలేదని, చుక్కలు గుండ్లలాగ ఉరికితే కాలిందని ఆమె లెక్క. చుక్క కింద ఆవిరి పొర ఏర్పడి పెంకకు అంటకుండా దొర్లేది సుమారు 200 డిగ్రీల దగ్గరే. "పెంక కాలకముందె రొట్టె ఏస్తె అతుకుతది. గది సూడనీకె గింత పెద్ద మిషిని కావాల్నా?" అంది. పెంకకైతే అక్కర్లేదు అత్తమ్మా, తలుపు మూసిన డబ్బాలోకి నీళ్లు చిలకరించలేం కదా అన్నాను. ఒప్పుకున్నట్టు లేదు.

జనవరి నెలాఖరు

పక్కింటి వదినది కరెంటు ఓటీజీ. 2000 వాట్లది. పోయిన ఎండాకాలం కేకు ఎంతసేపు పెట్టినా పొంగలేదని, ఓటీజీ పాడైందని అటక మీద పడేసింది. మా ఆయన మల్టీమీటర్ పట్టుకుపోయి చూస్తే ఇప్పుడు 228 వోల్టులు ఉంది. ఎండాకాలం సాయంత్రాలు మా గల్లీలో 180కి పడిపోతుంది, ఫ్యాన్ తిరిగే తీరు చూస్తేనే తెలుస్తుంది. వేడి చేసే కాయిల్‌కు వోల్టేజీ పడిపోతే పవరు వర్గం లెక్కన పడిపోతుంది. 180ని 230తో భాగించి, దాన్ని దానితోనే గుణిస్తే 0.61. అంటే 2000 వాట్ల ఓటీజీ ఆ పూట 1225 వాట్లదే. ప్రీహీట్ కావడానికి ఒకటిన్నర రెట్లకు పైనే సమయం పడుతుంది, 220 డిగ్రీలు పెడితే అక్కడిదాకా చేరకపోవచ్చు కూడా. పాడైంది ఓటీజీ కాదు. దింపించి వాడమన్నాం, పొద్దున పూట వాడమన్నాం. 2000 వాట్లంటే తొమ్మిది ఆంపియర్ల దగ్గర లాగుతుంది, అందుకని 16 ఆంపియర్ల పవర్ సాకెట్‌కే పెట్టాలి, ఎక్స్‌టెన్షన్ బాక్స్‌కు పెట్టొద్దు.

గ్యాసు ఖర్చు గురించి మా ఆయన అడిగారు, ఉత్తగా అరగంట మండితే సిలిండర్ ఏమవుతుందని. రేంజ్ వెనక రేటింగ్ ప్లేట్ మీద ఓవెన్ బర్నర్ 2.5 కిలోవాట్లు అని ఉంది. ఒక కిలో సిలిండర్ గ్యాసులో సుమారు 12.7 యూనిట్ల (కిలోవాట్ గంటల) శక్తి ఉంటుంది. అరగంటకు బర్నర్ నిండుగా మండినా వంద గ్రాములు. థర్మోస్టాట్ మధ్యలో తగ్గిస్తుంది కాబట్టి నిజానికి డెబ్బై, ఎనభై. 14.2 కిలోల సిలిండర్‌లో ఇంచుమించు రెండు వందల్లో ఒక వంతు. టెన్షన్ పడేంత ఏమీ కాదు, కానీ ఒక్క కప్పు కేకు కోసం ప్రతిరోజూ కాచేదీ కాదు.

అందుకే ఓవెన్ కాచిన రోజు వరసగా పని పెడుతున్నాను. ముందు కేకు, వేడి తగ్గించి బిస్కెట్లు, బిస్కెట్లు తీసి నాబ్ కట్టేశాక ఆ మిగిలిన వేడిలో పల్లీలు. తలుపు మూసి ఉంచితే అరగంట తర్వాత కూడా వంద డిగ్రీల పైనే ఉంటోంది. కడాయిలో వేయించినట్టు నల్ల మచ్చలు పడవు, పొట్టు చేత్తో నలిపితే రాలిపోతుంది. పచ్చడికి పల్లీలు ఇప్పుడు ఇట్లాగే. ఇంకా చల్లారాక కరివేపాకు పరిచి వదిలేస్తే తెల్లారేసరికి పొడి కొట్టడానికి తయారు.

శివరాత్రి దగ్గర్లో

ప్రతిదానికీ ప్రీహీట్ కావాలనుకోవడం కూడా తప్పే. శివరాత్రికి పానగల్లు ఛాయా సోమేశ్వరుని గుడికి పోయొచ్చి గెనుసుగడ్డలు కాల్చాం. వీటిని చల్లటి ఓవెన్‌లోనే పెట్టి అప్పుడు మంట వెలిగించాను. గెనుసుగడ్డలో పిండిని తీపిగా మార్చే ఎంజైమ్ ఒకటి ఉంటుంది. అది గడ్డ లోపల 60 నుంచి 75 డిగ్రీలున్నప్పుడు గట్టిగా పనిచేస్తుంది, అంతకంటే కాగితే చచ్చిపోతుంది. మెల్లగా వేడెక్కితే గడ్డ ఆ వేడిలో ఎక్కువసేపు ఉంటుంది, తీపి ఎక్కువ ఊరుతుంది. కుక్కర్‌లో రెండు విజిల్స్‌కు ఉడికిన గడ్డకు ఆ టైము దొరకదు. గంటన్నర పట్టింది. తొక్క కింద పాకం కారి ట్రేకు అంటుకుంది. ఉపవాసం ఉన్న అత్తమ్మ రెండు తిని మూడోది అడిగింది, మెచ్చుకోలు మాట మాత్రం నోటి నుంచి రాలేదు.

నా లెక్క ఇట్లా తేలింది. పొంగాల్సినవి, పది ఇరవై నిమిషాల్లో అయిపోయేవి, ఆకారం నిలబడాల్సినవి బాగా కాగిన ఓవెన్‌లోనే పెట్టాలి. కేకు, బిస్కెట్, బన్ను, పిజ్జా అట్లాంటివి. గంటకు పైన కాలేవి, పల్లీల్లాంటి వేపుళ్లు చల్లటి దాంట్లో పెట్టినా నష్టం లేదు.

మార్చి మొదట్లో

వేడి అన్ని మూలలా సమానంగా ఉందా అన్నది చూడాలి కదా. బేకరీ నుంచి సాదా బ్రెడ్ తెచ్చి, నడిమి జాలీ నిండా ముక్కలు సందు లేకుండా పరిచాను. 180లో పది నిమిషాలు. తీసి చూస్తే ఎడమ వైపు వెనక మూల ముక్క మాడుముఖం పట్టింది, తలుపు దగ్గరి వరస తెల్లగా ఉంది, కుడివైపు మధ్యస్థం. ఫోటో తీసి తలుపు పక్కన అంటించాను. ఇకనుంచి ఏ ట్రే అయినా సగం సమయం దాటాక ముందుది వెనక్కి తిప్పాలి. కేకును మాత్రం మూడింట రెండు వంతుల సమయం గడిచేదాకా ముట్టొద్దు, లోపల గట్టిపడకముందే తలుపు తీస్తే నడిమిట్ల కూలుతుంది. మాడిన బ్రెడ్ వృథా పోలేదు, పొడి కొట్టి డబ్బాలో పోశాను.

బజార్‌లో బత్తాయిలు రాశులు పోసి అమ్ముతుంటే నల్లగొండలో ఉండి నారింజ కేకు ఎందుకని బత్తాయి కేకు చేశాను. రసం పులుపు తక్కువ, అందుకని సోడా ఒక్కటే వేస్తే దానికి పులుపు చాలదు, కొంచెం పెరుగు కలిపాను. తొక్క పైపైన తురమాలి, తెల్ల పొర వస్తే చేదు. మా ఓవెన్‌కు మంట అడుగు నుంచే వస్తుంది కాబట్టి కేకు గిన్నె అడుగు గట్టిపడే గుణం ఉంది. దానికి ఉపాయం: గిన్నెను ఒక మెట్టు పైజాలీ మీద పెట్టి, కింది జాలీ మీద ఖాళీ ట్రే ఒకటి అడ్డం పెట్టడం. ఆ ట్రే కూడా ప్రీహీట్ అప్పటినుంచే లోపల ఉండాలి, మధ్యలో చల్లది పెడితే వేడి అది తాగేస్తుంది. నల్లటి గిన్నె కంటే తెల్లటి అల్యూమినియం గిన్నెలో అడుగు తక్కువ ఎర్రబడింది. ఇంటర్నెట్‌లో చూసే వంటల్లో ఫ్యాన్ ఉన్న ఓవెన్‌కు చెప్పిన డిగ్రీలైతే ఫ్యాన్ లేని మాలాంటి దాంట్లో ఇరవై ఎక్కువ పెట్టుకోవాలి.

మార్చి, ఉగాదికి ముందు

అత్తమ్మే అడిగింది, "గండ్ల సర్వపిండి అయితదా?" అని. నాకు ముందు జొన్న రొట్టె చేయాలని ఉండె. ఇనుప పెంకను ఓవెన్‌లో పెట్టి 8 మీద అరగంట కాచి, రొట్టె వేశాం. రొట్టె అప్పడంలా ఎండింది. జొన్నపిండిలో మైదాలో ఉండే జిగురు ఉండదు, నీళ్లు పట్టుకున్నంతసేపే మెత్తగా ఉంటుంది. పెంక మీద ఒకటి రెండు నిమిషాల్లో కాలి మంట మీద పొంగితేనే ఆ మెత్తదనం మిగులుతుంది. ఓవెన్ మెల్లగా ఆరబెట్టి చంపేసింది. జొన్న రొట్టెకు పై బర్నరే, ఇంక మాట లేదు.

సర్వపిండి సంగతి దానికి పూర్తిగా ఎదురు. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, పల్లీ పలుకులు, నువ్వులు, ఉల్లికాడ, కరివేపాకు, కారం కలిపి, ముద్దను గంజు అడుగున వేళ్లతో పలుచగా ఒత్తి, వేలితో గుంటలు చేసి నూనె చుక్కలు వేస్తాం. చేత్తో ఒత్తాలి కాబట్టి గంజు చల్లగా ఉండాలి. ఒకటి అయ్యాక రెండోదానికి గంజును నీళ్ల కింద పట్టి చల్లార్చాల్సిందే, లేకుంటే వేళ్లు కాలుతాయి. పది మందికి చేయాలంటే అందుకే సగం పూట పోతుంది. ఓవెన్‌లో ఆ బాధ లేదు. నూనె రాసిన తలెల్లో ముందే అన్నీ ఒత్తి పెట్టుకున్నాం, 220లో బాగా కాగిన ఓవెన్‌లో రెండు జాలీల మీద ఒకేసారి పెట్టాం. గిన్నె చల్లగా, ఓవెన్ వేడిగా. పావుగంట తర్వాత కింది జాలీవి పైకి, పైవి కిందికి మార్చాం. మొత్తం అరగంట లోపే అంచులు ఎర్రబడి తలె నుంచి ఊడొచ్చాయి. గంజులో చేసినంత అడుగు కరకర రాలేదు, అది నిజం. అత్తమ్మ ఒక ముక్క విరిచి నోట్లో వేసుకుని, "కింది మంట ఇంకింత వెట్టు. తలె ఇనుపదైతె ఇంక మంచిగ అయితది" అంది. వచ్చే వారం ఇనుప తలెలు వెతకాలి.

మిగిలిన పనులు

తలుపు గాస్కెట్ మీద అనుమానం ఉంది. తలుపు సందులో చిన్న కాగితం ముక్క పెట్టి మూసి లాగితే కుడివైపు గట్టిగా పట్టుకుంటోంది, ఎడమవైపు పైన ఊరికే జారి వస్తోంది. అక్కడ వేడి గాలి కారుతుందన్నట్టే, చెయ్యి దగ్గర పెట్టినా తగులుతోంది. ప్రీహీట్‌కు ఇంత సమయం పట్టడంలో దాని వాటా కూడా ఉండొచ్చు. ప్రకాశం బజార్ తమ్ముడు హైదరాబాద్ నుంచి తెప్పిస్తానన్నాడు, ఈ సైజు ఇక్కడ దొరకదట.

గాస్కెట్ మార్చాక నాబ్ 2, 4, 6 దగ్గర మళ్లీ కొలిచి టేపు మీది అంకెలు మార్చాలి. థర్మోస్టాట్ కొన తగిలించిన క్లిప్ ఒకటి వదులైంది, దాన్ని బిగించమనాలి. ఏప్రిల్ దాటితే ఇక్కడ ఎండ 44 కూడా దాటుతుంది, వంటింట్లో ఇంకో 2.5 కిలోవాట్లు వెలిగించే ధైర్యం ఎవరికీ ఉండదు. ఎండాకాలం ఓవెన్ పని పొద్దున ఐదింటికి మొదలుపెట్టి ఏడింటికల్లా ముగించాలని అనుకున్నాం. పల్లీలు, కరివేపాకు అటుతర్వాత మిగిలిన వేడికి.